పొడుగు చేతుల జాకెట్టు

ఆ వీధిలో ఆంధ్రా వాళ్ళ ఇళ్ళు పదో పన్నెండో ఉంటే, వాటిల్లో నూకరత్నం కాళ్ళ మీద నీళ్ళు పోయించుకోని చంటిపిల్ల లేదు. భిలాయిలో కంపెనీ వాళ్ళు క్వార్టరిస్తారు, కుళాయిస్తారు, ఆస్పత్రిస్తారు. పసిగుడ్డుకి నీళ్ళు పోసే అమ్మమ్మని మాత్రం ఇవ్వరు గదా! ఆ అమ్మమ్మలంతా చీపురుపల్లిలోనూ పాలకొండలోనూ ఉండిపోయారు. కొత్తగా కాపరానికొచ్చిన అమ్మాయిలు ఆస్పత్రి నుంచి బిడ్డని తెచ్చుకుని, దాన్ని ఎటునుంచి పట్టుకోవాలో తెలీక బిక్కమొహాలు వేసేవారు. అప్పుడు నూకరత్నం వచ్చి కొంగు బిగించి, పీట వాల్చుకుని, కాళ్ళు బారజాపి కూర్చునేది. నువ్వుల నూనె, సెనగపిండి నలుగు, గోరువెచ్చని నీళ్ళు, ఆఖర్న సాంబ్రాణి పొగ. ఆవిడ చేతిలో పడ్డ పిల్ల ముందు వీధి అదిరేలా ఏడ్చి, ఆ తరవాత మధ్యాహ్నం దాకా కన్ను తెరవకుండా పడుకునేది.

అలాంటి మనిషి సొంత మనవరాలిని ముట్టుకోలేదు. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ వేలైనా తగలనివ్వలేదు. వీధికి కళ్ళున్నాయి, వాటికన్నా పెద్ద నోరుంది. ఇక చెప్పేదేముంది?

అసలు సంగతి అంతకుముందు ఏడాది ఎండల్లో మొదలైంది. ఒక సాయంత్రం బియ్యం ఏరుతుంటే నూకరత్నానికి ముంజేయి దురద పెట్టింది. గోక్కుంది. రెండో చెయ్యీ పెట్టింది. అదీ గోక్కుంది. వారం తిరిగేసరికి దురద మోచేతులు దాటి భుజాలెక్కింది. చూస్తే చర్మం మీద పొక్కు లేదు, మచ్చ లేదు, దద్దురు లేదు. లోపల మాత్రం చీమల బారు నడుస్తున్నట్టే ఉండేది. గోళ్ళు చాలక దువ్వెన పట్టింది, దువ్వెన చాలక నులక మంచం పట్టెకి చేతులు రాసింది. రక్తం వస్తే కాసేపు హాయి. ఆ హాయి పోయాక మంట, మంట చల్లారాక మళ్ళీ దురద. పట్టం కట్టించుకున్న రాజులా అది చేతుల మీద తిష్ట వేసుకు కూర్చుంది.

వేపాకు నూరి పూసింది. కానుగ నూనె రాసింది. గంధకం కొబ్బరినూనెలో కలిపి పట్టిస్తే ఇల్లంతా కంపు కొట్టింది గాని దురద చెక్కు చెదరలేదు. వంకాయ మానేసింది, ఎండు నెత్తళ్ళు మానేసింది, గోంగూర మానేసింది. నోరు చప్పబడిపోయింది తప్ప చేతులు బాగుపడలేదు. చివరికి మొగుడు సూర్యారావు డిస్పెన్సరీకి తీసుకెళ్ళాడు. ఆయన రోలింగ్ మిల్లులో పని చేసేవాడు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూసుకునే మనిషి. డాక్టరు చేతులు తిప్పి తిప్పి చూసి, "కుఛ్ నహీ హై, మాజీ" అన్నాడు. ఏమీ లేదట! గోకినందువల్ల వచ్చిన గీతలే తప్ప అసలు రోగమేదీ కనపడటం లేదట, ఎవరికీ అంటేది కాదట. గులాబీ రంగు మందు సీసా ఒకటిచ్చి పంపించాడు.

ఏదో ఒక పేరు పెట్టి తిట్టినా నూకరత్నం ఊరుకునేదేమో. పేరు లేని రోగాన్ని చూస్తే ఆవిడకి గుండె జారింది. దానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఆవిడ పినతల్లికి ఒంటి మీద మచ్చలొచ్చాయి. అదేం రోగమో ఎవరూ తేల్చుకోలేదు. ఊరి బయట జీడితోటలో పాక వేసి, ఆమెనందులో పెట్టారు. అన్నం పట్టుకెళ్ళే పని నూకరత్నానిది. "గిన్నె దూరంగా పెట్టి వచ్చెయ్యి. పిన్ని పిలిస్తే పలక్కు" అని తల్లి చెప్పేది. పిన్ని పిలిచేది. నూకరత్నం పలికేది కాదు.

అందుకే డిస్పెన్సరీ నుంచి వచ్చిన రోజే మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. కొడుక్కి కూడా చెప్పడానికి వీల్లేదంది. మణికట్టు దగ్గర హుక్కులు పెట్టి, పొడుగు చేతుల జాకెట్లు నాలుగు కుట్టించుకుంది. భిలాయి ఎండలో, పక్షులు కూడా నీడ వదలని మధ్యాహ్నాల్లో, ఆ జాకెట్టు వేసుకుని చెమటలు కక్కేది. పక్కింటి కామాక్షమ్మ, "ఏటి వదినా, సినిమాల్లో ఏషాలు దొరికేయా?" అని నవ్వేది. నూకరత్నమూ నవ్వేసేది. పిల్లలకి నీళ్ళు పోయమని ఎవరైనా పిలిస్తే నడుం నొప్పి అని తప్పించుకునేది. చెప్పుకుంటే సిగ్గు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందంటారు. ఆవిడ ప్రాణం వైపు చూడలేదు.

ఇలా ఉండగా కొడుకు గోపాలం పెళ్ళి మాట వచ్చింది. వాడు బిలాస్‌పూర్‌లో ట్రైనింగుకి వెళ్ళి, అక్కడి రైల్వే కాలనీలో ఎస్తేరు అనే పిల్లని చూసుకున్నాడు. తాతల నాడు విశాఖపట్నం వైపు నుంచి రైలు పని మీద వచ్చేసిన క్రిస్టియన్ కుటుంబం. తండ్రి లేడు. తల్లి రైల్వే స్కూల్లో ఆయాగా పనిచేస్తుంది. సూర్యారావు సైతం నోరు తెరిచి వద్దన్న సంబంధం అది. అప్పుడు కొడుకు పక్కన నిలబడ్డది నూకరత్నమే. "పిల్ల బంగారం. దేవుడు దేవుడే, ఏ పేరెడితే ఏటి?" అని వీధిలో అందరి ముందూ అంది. ఎస్తేరుని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకుంది. ఆ మాట ఎస్తేరు గుండెల్లో దాచుకుంది.

కోడలు నెల తప్పిందన్న కబురు విన్ననాడు నూకరత్నం దేవుడి గూట్లో దీపం పెట్టి కూర్చుని ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకుంది కోడలు.

పురుడు కంపెనీ ఆస్పత్రిలోనే జరిగింది. ఆడపిల్ల. ఎస్తేరు తల్లి సెలవు పెట్టి వచ్చి, పురిటి నీళ్ళయ్యేదాకా ఉండి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, "నీళ్ళు పోయడంలో మీ చేతి సంగతి మా అల్లుడు చెప్పాడు వదినగారూ. ఇక నాకు బెంగలేదు" అంది.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు తనే పీట వాల్చింది. బకెట్లో నీళ్ళు గోరువెచ్చగా తొలిపింది. నూనె గిన్నె, నలుగు పిండి పక్కన పెట్టింది. పాపని తువ్వాల్లో చుట్టుకుని వచ్చి, "అత్తయ్యా, రండి" అంది. ఆ మొహంలో వెలుగు చూస్తే ఎవరికైనా కాళ్ళు వాటంతటవే చాపుకోవాలనిపిస్తుంది.

నూకరత్నం గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ క్షణాన చేతులు రెండూ భగ్గున దురద పెట్టాయి. ఈ చేతులు ఆ లేత ఒంటి మీద రుద్దడమా? రేపు ఆ పిల్లకీ ఇదే వస్తే? జాకెట్టు చేతులు పైకి తోస్తే ఎస్తేరు కళ్ళు ఎక్కడ పడతాయి?

"నడుం పట్టేసిందే అమ్మీ. ఒంగలేను. ఫూల్‌బాయిని పిలుస్తాను" అంది.

ఫూల్‌బాయి ఆ చుట్టుపక్కల కాన్పులు చేసే ఛత్తీస్‌గఢీ దాయి. మంచి మనిషే. కానీ ఊళ్ళో పిల్లలందరికీ నీళ్ళు పోసిన నాయనమ్మ ఇంట్లో కూర్చునుండగా, సొంత మనవరాలికి కూలి మనిషి నీళ్ళు పోస్తుంటే చూసేవాళ్ళేమనుకుంటారు? ఏమనుకోవాలో కామాక్షమ్మ ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని తేల్చేసింది.

"ఊళ్ళో వాళ్ళ పిల్లలకంటే నడుం నొప్పనుకున్నాం వదినా, సొంత మనవరాలిక్కూడానేటి? నాకు తెల్దేటి? కిరస్తానీ గుంట గదా. పెళ్ళినాడంటే కొడుకు కోసం ఒప్పుకున్నావు. ముట్టుకోడానికి నీ మనసొప్పలేదు. తప్పు లేదులే."

నూకరత్నం నోరు తెరిచింది. కాదు అనబోయింది. కాదంటే మరెందుకు అని అడుగుతుంది. దానికి జవాబు జాకెట్టు లోపలుంది. తెరిచిన నోరు మూసుకుంది. మాట్లాడకపోవడమూ ఒప్పుకోవడమే అని లోకం ఎప్పుడో తీర్పిచ్చేసింది. మర్నాటికి వీధంతా అదే మాట అయింది.

ఇక్కడే చెప్పుకోడానికి సిగ్గుపడే సంగతొకటుంది. ఆ మాట నూకరత్నానికి ఊరటనిచ్చింది! సొంత మనవరాలి దగ్గర నడుం నొప్పి అంటే నాలుగు రోజుల ముచ్చట. కులం పట్టింపు అంటే ఎన్నాళ్ళైనా ఎవరూ ఏమీ అడగరు. పైగా కొందరు మెచ్చుకున్నారు కూడా, ఊరు దాటినా ఆచారం నిలబెట్టుకుందని. రోగిష్టి అనిపించుకోవడం కన్నా పట్టింపు మనిషి అనిపించుకోవడం ఆవిడకి మర్యాదగా తోచింది. ఎస్తేరుకి ఏమనిపిస్తుందో ఆలోచించలేదా? ఆలోచించింది. ఆలోచించి, రేపు చెప్దాంలే అనుకుంది. ఆ రేపు రానే లేదు.

సూర్యారావు ఒకసారి, "ఆ పిల్లకైనా సెప్పెయ్యరాదా?" అన్నాడు. అదే ఆయనకి పెద్ద ఉపన్యాసం. "ఒట్టేసేవు గదా" అని నూకరత్నం ఆయన్ని కసిరి ఊరుకోబెట్టింది.

మధ్యాహ్నాలు ఎస్తేరు కునుకు తీస్తున్నప్పుడు, నూకరత్నం పిల్లిలా ఉయ్యాల దగ్గరికి వెళ్ళేది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, పాప మాడు వాసన చూసేది. పాలూ సాంబ్రాణీ కలిసిన వాసన. కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయేది. ఒకనాడు కళ్ళు తెరిచేసరికి ఎస్తేరు లేచి కూర్చుని చూస్తోంది. కోడలి చూపు పాప మీద లేదు. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల మీద ఉంది. నూకరత్నం వంటింట్లోకి వెళ్ళిపోయింది.

దసరా వెళ్ళాక ఒక సాయంత్రం ఆడవాళ్ళు నలుగురూ అరుగు మీద చేరారు. ఆ రోజు పొద్దుటి నుంచీ దురద ఆవిడ ప్రాణం తోడేస్తోంది. చెమటకి జాకెట్టు అంటుకుపోయి ఉంది. గోక్కుంటే అందరూ చూస్తారు. వీళ్ళు లేచి వెళ్ళిపోతే బాగుండునని పళ్ళు బిగబట్టి కూర్చుంది. కామాక్షమ్మ లేచే రకమా?

"ఏటి వదినా, ఈ గుంటని ఇంక ఎప్పుడూ ఎత్తుకోవేటి? రోజూ తలంటించి, తెల్లగా కడిగి ఉంచుతాది గదా పాపం, మీ కోడలు."

"రక్తం రక్తమే గదా వదినా. నీళ్ళోస్తే పోతాదేటి?" అనేసింది నూకరత్నం.

సంభాషణ తెగ్గొట్టాలని అన్నది. తెగింది. ఆడవాళ్ళు తలలూపి లేచారు. లోపలికి తిరిగిన నూకరత్నానికి గుమ్మంలో ఎస్తేరు కనబడింది, భుజాన పాప. విన్నదా లేదా అని అడగక్కర్లేదు. ఆ పిల్ల ఆ రాత్రి అందరికీ అన్నం వడ్డించింది, అడిగినదానికి జవాబిచ్చింది. తను మాత్రం మజ్జిగ తాగి లేచిపోయింది.

ఆ ఆదివారం ఎస్తేరు అన్న బిలాస్‌పూర్ నుంచి వచ్చాడు. చెల్లెల్నీ పాపనీ తీసుకెళ్ళడానికి. గోపాలం వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"అది ఇంక ఈ ఇంట్లో ఉండనంటాదే అమ్మా. నా పెళ్ళికి నువ్వే ముందు నిలబడ్డావు. అంతా నాటకమేటి? నిన్ను సూస్తే నాకే సిగ్గేస్తన్నాది" అన్నాడు. అని, షిఫ్టుకి టైమైందని సైకిలు తీసుకుని వెళ్ళిపోయాడు. పెళ్ళాన్ని సాగనంపే ధైర్యం వాడికీ లేదు.

నూకరత్నం కోడలి గదిలోకి వెళ్ళి తలుపు మూసింది. ఎస్తేరు పాప గుడ్డలు మడతపెట్టి ట్రంకులో సర్దుకుంటోంది. తలెత్తలేదు. నూకరత్నం మణికట్టు దగ్గర హుక్కులు తీసింది. చేతులు ముందుకి చాపింది.

"ఇలగ సూడమ్మీ."

ఎర్రటి గీతలు, మానీ మానని పుళ్ళు, గోకి గోకి నల్లబడి మందమైపోయిన చర్మం. ఎస్తేరు చూసింది.

"ఏడాది దాటింది. ఏ రోగమో తెల్దు. పాపకి అంటుతాదేమోనని బయపడ్డాను. ఎవులికైనా తెలిస్తే వెలేస్తారని బయపడ్డాను. అంతే గాని నువ్వన్నా, నీ కూతురన్నా నాకు..."

"డాక్టరుకి చూపించారా?" అంది ఎస్తేరు.

"సూపించాను. ఏటీ లేదన్నాడు."

"అంటుతుందన్నాడా?"

"లేదన్నాడు."

"మామయ్యకి అంటిందా?"

"లేదు."

పాపని చటుక్కున దగ్గరికి లాక్కుంటుందనీ, ఛీ అంటుందనీ అనుకుంది నూకరత్నం. ఎస్తేరు అవేవీ చెయ్యలేదు. చేతిలోని గుడ్డని మంచం మీద పడేసింది.

"ఇంతేనా అత్తయ్యా?" అంది. "ఇందుకా? నేను రోజూ పాపకి రెండేసి సార్లు ఒళ్ళు తుడిచేదాన్ని, ఇవాళైనా మీరు ఎత్తుకుంటారేమోనని. మీ వంటింట్లోకి వచ్చే ముందు మళ్ళీ చేతులు కడుక్కునేదాన్ని. నాలో ఏముందా అని అద్దంలో చూసుకున్నాను. ఒక్క మాట చెప్తే, నేనే మీ చేతులకి మందు రాసేదాన్ని గదా!"

"తప్పైపోయిందమ్మీ."

"మీ దురద మీకు సిగ్గనిపించింది. నన్ను వాళ్ళందరి ముందూ అలా అనడం మాత్రం సిగ్గనిపించలేదు."

నూకరత్నం, "ఇప్పుడు తెలిసింది గదా. సాలదేటి?" అంది మెల్లిగా.

"నాకు తెలిసింది. వాళ్ళకెవరు చెప్తారు?"

"వాళ్ళకేల..."

"వాళ్ళ ముందే గదా అన్నారు" అని, ఎస్తేరు ట్రంకు మూత వేసి తాళం పెట్టింది.

బయట రిక్షా వచ్చి ఆగింది. అన్న ట్రంకు ఎత్తి పెట్టాడు. ఎస్తేరు పాపతో ఎక్కి కూర్చుంది. వీధిలో ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఆదివారం పూట ఇంతకన్నా వినోదం ఏముంటుంది వాళ్ళకి? సూర్యారావు గేటు పక్కన తల దించుకుని నిలబడ్డాడు. కామాక్షమ్మ వచ్చి నూకరత్నం భుజం మీద చెయ్యి వేసింది.

"ఎల్లనీ వదినా. నీకూ పీడ వదుల్తాది" అంది, ఓదార్పుగా.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నానని నూకరత్నానికి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే రిక్షా కదిలిపోతుంది. తనకి ఈ వీధిలో మర్యాద మిగులుతుంది, అది ఒక్కటే మిగులుతుంది. హుక్కులు తీసిన జాకెట్టు చేతుల్ని పైకి తోసింది. కుడి చెయ్యి మోచేతి దగ్గర బిగుసుకుపోయింది. బలంగా లాగితే కుట్టు పర్రున చిరిగింది.

"వదినా, ఇలగ సూడు" అంది, వీధి చివరికి వినపడేటట్టు. "అందరూ సూడండి. ఏడాది నుంచి నాకిది. దీనికోసమే మనవరాలిని ముట్టుకోలేదు. కులం లేదు, మతం లేదు. మీరలగ అనుకుంటే ఊరుకున్నాను. ఊరుకోడమే కాదు, రక్తం గిక్తం అని నా నోటితోనే అన్నాను. అదంతా అబద్దం. మా కోడలు మీద ఒక్క వొంక లేదు. వొంకంతా నాది."

కామాక్షమ్మ చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, ఆ చేతిని చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. అటు గేటు దగ్గరావిడ పిల్లాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుంది. "అంటుతాదేటి?" అని ఎవరో అడిగారు.

"డాక్టరు లేదన్నాడు. నాకు తెల్దు" అంది నూకరత్నం.

ఇన్నాళ్ళూ ఏ చూపుకి జడిసి ఆవిడ చెమటల్లో ఉడికిపోయిందో, ఆ చూపు అన్ని గేట్ల నుంచీ ఒక్కసారే వచ్చి చేతుల మీద పడింది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. అయినా చేతులు దించలేదు.

రిక్షావాడు పెడలు మీద కాలు వేసి వెనక్కి చూశాడు. "ఠహరో భయ్యా" అని వాణ్ణి ఆగమంది ఎస్తేరు. దిగి, నాలుగడుగులు వచ్చి, అత్తగారి ముందు నిలబడింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కోపం మాత్రం పోలేదు.

"వెళ్ళడం వెళ్తాను అత్తయ్యా. నా మనసు బాగులేదు. ఎప్పుడొస్తానో ఇప్పుడే చెప్పలేను" అంది. "ఒకసారి ఎత్తుకోండి."

పాపని ఆ చేతుల్లో పెట్టింది.

ఎంతమంది పిల్లల్ని ఎత్తిన చేతులో అవి, అయినా ఆ కాస్త బరువుకి తడబడ్డాయి. పాప ఏడవలేదు. గీతలు పడ్డ చర్మానికి బుగ్గ ఆనించి, కొత్త మొహాన్ని చూస్తూ పడుకుంది. ఆ వెచ్చదనానికి నూకరత్నం చేతుల్లో దురద ఒక్కసారిగా లేచి, మణికట్టు నుంచి భుజాల దాకా పాకింది. అంత దురద ఏడాదిలో ఎన్నడూ రాలేదు. వీధంతా చూస్తోంది. గోక్కుందామంటే చెయ్యి ఖాళీ లేదు. నూకరత్నం పాపని ఇంకాస్త దగ్గరికి పొదువుకుని, రిక్షావాడు బెల్లు కొట్టేదాకా అలాగే నిలబడింది.